తీగ మీద పది వాషర్లు

మంగళవారం పొద్దున కువాకాను నీళ్ళలోంచి ఎత్తేసరికి రేవులో పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి ఓ పాతికమంది పోగయ్యారు. మా రేవులో పడవ ఎత్తడం ఏమంత వింత కాదు, వారానికి నాలుగు ఎత్తుతారు. కానీ ఇది పిరిహిరా నడిపే పడవ. రోడ్డు లేని లోపలి పాయల్లో ఉన్న ఇళ్ళకి ఉత్తరాలూ, పిండి బస్తాలూ, గ్యాస్ బండలూ, మనుషుల్నీ ఇరవై ఆరేళ్ళుగా మోస్తున్నది ఆవిడే. ఈ ఇరవై ఆరేళ్ళలో ఆవిడ పడవని ఇంకొకళ్ళు తాడు కట్టి లాక్కొచ్చింది లేదు. నిన్న లాక్కొచ్చారు. ఆ ముచ్చట చూడ్డానికి వచ్చారంతా.

పిరిహిరా గుంపులో కాకుండా కాస్త ఎడంగా, తాళ్ళ చుట్ట మీద కూచుంది. అరవై మూడేళ్ళ మనిషి. చిన్నా పెద్దా అందరికీ ఆంటీయే. ఎప్పుడూ ఎవరో ఒకర్ని ఆటపట్టిస్తూ ఉండే నోరు ఇవాళ మూసుకుని ఉంది.

క్లైవ్ పడవ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూచున్నాడు. రేవు పక్కనున్న పడవల రిపేరు పాకలో నలభై ఏళ్ళుగా అతనే మెకానిక్కు. పాక యజమాని బెర్ట్ చచ్చిపోతూ దాన్ని అతని పేర రాసిపోయి పదకొండేళ్ళయింది. కువాకాలాంటి పడవల్లో ఇంజను లోపలే ఉంటుంది గానీ, ప్రొపెల్లరుని తిప్పే పళ్ళచక్రాల పెట్టె మాత్రం వెనక బయట నీళ్ళలోకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని అందరూ కాలు అంటారు. కాలు నిండా ఆయిలు ఉండాలి. ఎంతుందో తెలియడానికి ఇంజను పక్కన ఓ తెల్ల ప్లాస్టిక్ సీసా. సీసా దిగిపోతే హారన్ మోగుతుంది. నిన్న పొద్దున పాయ మధ్యలో అదే మోగింది. పిరిహిరా మోగిన మరుక్షణం ఇంజను కట్టేసింది కాబట్టి పళ్ళచక్రాలు బతికాయి. కానీ పడవలో వాల్టర్ ఉన్నాడు. కంటి ఆపరేషనుకి నాలుగు నెలలు ఎదురుచూసిన ముసలాయన. సాయం వచ్చి లాక్కొచ్చేసరికి ఆసుపత్రి వేళ దాటిపోయింది. మళ్ళీ రెండు నెలల దాకా ఖాళీ లేదన్నారు.

అందుకే పడవ యజమాని గ్రాంట్ చేతులు కట్టుకుని క్లైవ్ నెత్తి మీదే నిలబడ్డాడు.

"ఆయిలు ఎటు పోయిందో చెప్పు, క్లైవ్."

"చూడనీ."

క్లైవ్ ముందు పైనించి చూసుకొచ్చాడు. సీసా మూత, సీసా నుంచి కిందికి దిగే గొట్టం, గొట్టం బిగింపులు. అన్నీ పొడిగా ఉన్నాయి. పడవ అడుగున దీపం పెట్టి చూశాడు, అక్కడా ఆయిలు మరక లేదు. కాలుకీ పడవకీ మధ్యనున్న రబ్బరు తొడుగు లోపల వేలు పెట్టి తిప్పి, వేలు గుడ్డకి రాసి చూశాడు. గుడ్డకి ఉప్పు తప్ప ఏమీ అంటలేదు. అంటే ఆయిలు లోపలికి కాదు, బయటికే పోతోంది. ప్రొపెల్లరు నట్టు విప్పి, చెక్కముక్క అడ్డంపెట్టి, ప్రొపెల్లరు లాగాడు.

ఇరుసు చుట్టూ, ఆయిలు బయటికి పోకుండా ఆపే రబ్బరు సీలుకి ముందు, ఆకుపచ్చ తాడు పీచు వేడికి కరిగి గట్టిపడి, కట్టులా బిగుసుకుని ఉంది.

గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. ఆ పచ్చ తాడు ఎక్కడిదో అక్కడ తెలియనివాళ్ళు లేరు. పాయలో ఆల్చిప్పలు పెంచే తోటలో, తేలే నల్ల పీపాల కింద వేలాడేది అదే. పీపాల వరసల మధ్య నుంచి పోతే దారి పది నిమిషాలు తగ్గుతుంది. పోకూడదని బోర్డు ఉంది.

"ఆంటీ," అన్నాడు గ్రాంట్, వెనక్కి తిరక్కుండానే. "తోటలోంచి పోయావా?"

"బోర్డు బయటినించే వచ్చా," అంది పిరిహిరా.

"మరి ఇదేంటి, సముద్రపు నాచా?"

గ్రాంట్ వంగి ఆ పీచుని ఫోనులో ఫొటో తీశాడు. "ఇదేనా, క్లైవ్? ఇదే కోసిందా సీలుని?"

ఇక్కడ క్లైవ్ 'ఆగు, పరీక్ష చేసి చెబుతా' అనాల్సింది. నలభై ఏళ్ళుగా అందరికీ చెప్పే మాటే అది. కానీ పాతికమంది చూస్తున్నారు, చేతిలో పచ్చ పీచు ఉంది, ఇలాంటివి ఓ వంద చూశాడు.

"తాడే," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ఒక్క మాటతో గ్రాంట్ పిరిహిరా వైపు తిరిగి, అందరి ముందూ చెయ్యి చాపాడు. ఆవిడ ఒక్క క్షణం ఆ చేతిని చూసింది. మెడలోంచి తాళంచెవి ఉన్న తాడు తీసి అందులో పెట్టింది.

"రేపట్నించి టికెట్ల గదిలో కూచో ఆంటీ. పడవకి ఇంకో మనిషిని చూస్తా."

"టికెట్ల గదిలో హీటరుంది," అంది ఆవిడ లేస్తూ. "నా వెన్నుకి మంచిదే." ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు.

*

మధ్యాహ్నం సెమిసి భోజనానికి వెళ్ళాడు. పాకలో సామాన్ల బల్ల దగ్గర కూచునే టోంగా దీవుల మనిషి సెమిసి. అతను లేకపోతే పాకలో పాటలుండవు. ఆ నిశ్శబ్దంలో క్లైవ్ పరీక్షకి కూచున్నాడు.

పడవ ఎట్లా వచ్చిందో అట్లా ఉండగానే పరీక్షించాలి, ఆయిలు దింపకూడదు, ఏదీ బిగించకూడదు అని బెర్ట్ నేర్పిన పద్ధతి. కాలుకి రెండు మరలు. పైది గాలి పోవడానికి, అడుగుది ఆయిలు దింపడానికి, నింపడానికి. క్లైవ్ పై మర మాత్రం విప్పి, ఆ కన్నానికి గాలిపంపు గొట్టం బిగించి, పది పౌన్ల దాకా కొట్టాడు. పంపు మీద ఒత్తిడి చూపే గడియారం ముల్లు పది మీద నిలబడింది. బొమికలా తెల్లగా మారిన పాత పెయింటు బ్రష్షుని సబ్బునీళ్ళలో ముంచి, ఇరుసు సీలు చుట్టూ పూశాడు.

ఒక్క బుడగ రాలేదు.

మళ్ళీ పూశాడు. ఇరుసు చేత్తో తిప్పుతూ చూశాడు. అటూ ఇటూ కదిపి చూశాడు. సీలు ముత్తయిదువలా నిక్షేపంగా ఉంది. పచ్చ పీచు దాని ముందు చుట్టుకుంది గానీ దాని రబ్బరు పెదవి దాకా పోలేదు. గడియారం చూస్తే ముల్లు తొమ్మిదికి దిగింది. ఎక్కడో పోతోంది.

గేరు కడ్డీ దగ్గర పూశాడు. రెండు సగాలు కలిసే అతుకు పొడుగునా పూశాడు. పూసుకుంటూ అడుగుకి వచ్చాడు. అడుగు మర చుట్టూ సబ్బునురుగులో పాల టీ రంగు చుక్క ఒకటి ఊరింది. చూస్తుండగా అది పెద్దదై నేల మీద పడింది. దాని చోట ఇంకోటి ఊరింది.

క్లైవ్ బ్రష్షు కింద పెట్టాడు. ఏం చూడబోతున్నాడో అతనికి అప్పటికే తెలిసింది. అయినా గాలి వదిలి, కింద బకెట్టు పెట్టి, అడుగు మర విప్పాడు. ఉప్పునీరు కలిసిన ఆయిలు జారింది. మరకి వాషరుంది, ఆరువారాల కిందట అతను వేసిన కొత్తదే. తర్వాత వేలు మర కూచునే గుంటలోకి పోనిచ్చాడు. నున్నటి లోహం తగలాల్సిన చోట గట్టి అంచు తగిలింది. సూది పెట్టి గీకితే ఊడి అరచేతిలో పడింది: నల్లగా, అప్పడంలా అణిగిపోయిన పాత వాషరు.

సర్వీసు చేసేటప్పుడు మర విప్పితే పాత వాషరు మరతోపాటు రావాలి. ఒక్కోసారి రాదు, గుంటకే అతుక్కుని ఉండిపోతుంది. అది చూసుకోకుండా దాని మీద కొత్తది వేసి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే చుక్క చుక్కగా బయటికి పోతుంది. అందుకే ఈ పాకలో ఓ ఆచారం ఉంది. గోడ మీద పడవకో మేకు, మేకుకో తీగ, తీగకో చీటీ. తీసిన పాత వాషరు ప్రతిదీ ఆ తీగకి ఎక్కాలి. సర్వీసుకి రెండు. పాతది కళ్ళబడందే కొత్తది పెట్టకు అనేవాడు బెర్ట్. ఆయన ఏ పరీక్షలూ పాసైన మనిషి కాదు గానీ ఆయన పాకలోంచి పోయిన పడవ ఏదీ ఆయిలు కార్చలేదు.

క్లైవ్ గోడకేసి నడిచాడు. కువాకా తీగ మీద ఏడున్నాయి. ఈ తీగ కట్టాక జరిగిన మూడు సర్వీసులవి ఆరు, ఆరువారాల కిందటిది ఒకటే. ఆ రోజు గుర్తొచ్చింది. రెండోది ఆయిలు బకెట్లో పడుంటుందిలే అనుకున్నాడు. బకెట్లో చెయ్యి పెట్టి వెతకడానికి బద్ధకించాడు. అంతే. ఎవరూ పిలవలేదు, ఏ తొందరా లేదు, ఒంట్లో నలత కూడా లేదు. బద్ధకం.

బయట సెమిసి పాట వినబడింది. చర్చి పాట, భోజనం తిన్న గొంతుతో. ఆ పాట తలుపు దాకా వచ్చేలోగా క్లైవ్ చెయ్యి తన పని తాను చేసేసింది. రెండు మరల వాషర్లూ తీగకి ఎక్కించింది. మూడోది, ఆ అణిగిపోయినది, పంట్లాం జేబులో వేసింది.

"తేలిందా, అన్నా?" అన్నాడు సెమిసి.

"తాడే," అన్నాడు క్లైవ్ రెండోసారి. పొద్దున అన్నది పొరపాటు. ఇది అబద్ధం. మాట ఒకటే అయినా రెంటికీ తేడా అతనికి తెలుసు.

సాయంత్రం దాకా కూచుని బాగున్న సీలుని ఊడబెరికి కొత్తది వేశాడు. పళ్ళచక్రాల మధ్య ఉన్న నీరంతా పోయేలా రెండుసార్లు కడిగి కొత్త ఆయిలు పట్టించాడు. అడుగు మరకి ఒకటే వాషరు. అంత శ్రద్ధగా అతను ఏడాదిలో ఏ పనీ చెయ్యలేదు.

*

బుధవారం పదకొండింటికి పిరిహిరా పాకకి వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. నూనెలో వేయించిన రొట్టె, పక్కన పొగబెట్టిన చేప. క్లైవ్‌కి ఆవిడ పాదాల చప్పుడు తెలుసు, అయినా తలెత్తలేదు.

"కెటిల్ పెట్టు," అంది ఆవిడ. "టికెట్ల గదిలో టీ తాగితే సబ్బు తాగినట్టుంది."

సెమిసి బల్ల మీదినుంచే చెయ్యి ఊపాడు. "ఆంటీ, వచ్చే టూరిస్టులకి టికెట్లిస్తున్నావా, తిట్లిస్తున్నావా?"

"టికెట్టుకి డబ్బులు, తిట్లు ఉచితం. నీకైతే తిట్లకీ తీసుకుంటా." అని క్లైవ్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నీతో మాట్లాడాలి. బయటికి రా."

ఇద్దరూ పాక వెనక బెంచీ మీద కూచున్నారు. ఎదురుగా బురదలో నీరు వెనక్కి పోతోంది. ఆవిడ రొట్టె తుంచి అతని చేతిలో పెట్టింది. అతను కొరికాడు. నమిలాడు.

"నిన్న అందరి ముందూ అబద్ధం చెప్పా," అంది పిరిహిరా.

క్లైవ్ నమలడం ఆపి ఆవిడకేసి చూశాడు.

"తోటలోంచే పోయా. వాల్టర్ ఆలస్యంగా వచ్చాడు, పెంపుడు పిల్లి కనబడలేదని పావుగంట. ఆసుపత్రి వేళ దాటుతుందని అడ్డదారి పట్టా. సోమవారం ఒక్కరోజే కాదులే, ఈ నెల్లో మూడుసార్లు పోయా. తాడు తగిలినట్టు కూడా తెలిసింది నాకు, గుర్రుమంది. నువ్వు తాడే అన్నప్పుడు నీ మొహం చూళ్ళేకపోయా. నీ పని నువ్వు నిక్కచ్చిగా చేశావ్, నేను నీ ఎదుట బుకాయించా. అందుకొచ్చా."

క్లైవ్ రొట్టె ముక్కని వేళ్ళతో తిప్పుతూ కూచున్నాడు. పాపం అనిపించాల్సింది. ముందుగా వచ్చింది పాపం కాదు, ఊరట. ఎలాగూ తోటలోంచి పోయిందిగా. ఎలాగూ తాడు చుట్టుకుందిగా. ఇంకో నెలైతే సీలు తెగేదేగా. మనసు ఎంత వేగంగా ఈ మెట్లన్నీ కట్టుకుందో చూసి అతనికి తన మీద తనకే రోత పుట్టింది. పుట్టినా ఆ మెట్ల మీదే కూచున్నాడు.

"గ్రాంట్‌కి చెప్పావా?" అన్నాడు.

"పొద్దున్నే చెప్పా. చెప్పి మంచిపని చేశావన్నాడు. మనసు మాత్రం మార్చుకోలేదు." ఆవిడ తన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంది. "వాల్టర్ నన్నేమీ అనలేదు, తెలుసా. రెండు నెలలే కదా పిరీ, ఇన్నాళ్ళు చూశాను, చూడకపోతే మాత్రం ఏం పోయింది అన్నాడు. అదే తిట్టినా బావుండేది. ఈ చేతులకి తాడెక్కడుందో తెలిసేది ఒకప్పుడు. కళ్ళు మూసుకుని నడిపేదాన్ని. వయసు మళ్ళిందేమో. వచ్చే నెల లైసెన్సు కాగితాలు పంపాలి. పంపను అనుకుంటున్నా."

"అంత తొందరేం," అన్నాడు క్లైవ్. ఆ మాట ఎంత చచ్చుగా వచ్చిందంటే ఆవిడ నవ్వింది.

"తిను. చల్లారితే రబ్బరే అది."

ఆవిడ వెళ్ళాక కూడా అతను అక్కడే ఉన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి ఒక మనిషి పళ్ళెంలో చేప పట్టుకుని వచ్చింది. తప్పు చేసిన మనిషి ఆ చేప తిన్నాడు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తిన్నాడు. జేబులో వాషరు తొడకి ఒత్తుకుంటూనే ఉంది.

లోపలికి వస్తే సెమిసి నెలాఖరు సామాన్ల లెక్క చూస్తున్నాడు. కొత్త వాషర్లు ఎన్ని వాడామో తీగలు చూసి సరిచూసుకోవడం అతని పద్ధతి.

"అన్నా, కువాకా తీగ మీద తొమ్మిదున్నాయి. బేసి ఎట్లా వచ్చింది? వాషరు ఒంటరిగా కాపురం చెయ్యదు కదా."

"ఎక్కడో పడుంటుంది," అన్నాడు క్లైవ్.

"నువ్వు పడేస్తావా? నేను పడేస్తే నెల రోజులు సతాయిస్తావ్." నవ్వి, కాగితం మీద ఏదో గీసుకున్నాడు.

సాయంత్రం సెమిసి వెళ్ళాక క్లైవ్ జేబులోంచి వాషరు తీశాడు. తీగ వంపు విప్పి ఎక్కించాడు. పది. తీగ సరిపోయింది. చిత్రం ఏమిటంటే, నిజం ఎక్కడ వేలాడాలో అక్కడే వేలాడింది, దానితోనే అబద్ధం పూర్తయింది. ఇక ఈ భూమ్మీద ఎవరూ కనిపెట్టలేరు.

*

గురువారం సెమిసి కాఫీ కప్పుతో గోడ ముందు నిలబడ్డాడు.

"పదయ్యాయే," అన్నాడు. "రాత్రి తీగ పిల్లని పెట్టిందా?"

"నిన్న సరిగ్గా చూసుండవు," అన్నాడు క్లైవ్, ఎవరూ సంజాయిషీ అడక్కుండానే. "బల్ల కింద దొరికింది. తుడుస్తుంటే. నేనే పెట్టా." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదేనని తెలుస్తూనే ఉంది, నోరు ఆగలేదు.

సెమిసి తీగని వేలితో తిప్పాడు. చివరి వాషరు దగ్గర వేలు ఆగింది. మిగతావన్నీ ఒక వైపే నలిగి ఉన్నాయి. ఇది రెండు వైపులా నలిగింది, ఒక వైపు ఇంకో వాషరు ముద్ర గుండ్రంగా పడి ఉంది. సెమిసి ఆరేళ్ళుగా ఆ పాకలో ఉన్నాడు. చూశాడు. తన బల్ల దగ్గరికి పోయి కూచున్నాడు. ఆ పూట పాట పాడలేదు. అతను నాలుగు మాటలు అనేసినా క్లైవ్‌కి అంత బరువుగా ఉండేది కాదు.

మూడింటికి గ్రాంట్ ఓ కాగితం పట్టుకొచ్చాడు. ప్రయాణికులున్న పడవ పాయలో ఆగిపోయింది కాబట్టి కారణం ఏమిటో మెకానిక్కు సంతకంతో ఓడల ఆఫీసుకి పంపాలి. గ్రాంటే టైపు చేయించాడు. 'పడవ నడిపిన వ్యక్తి నిషిద్ధ ప్రాంతంలోకి వెళ్ళడం వల్ల తాడు చుట్టుకుని సీలు తెగి ఆయిలు పోయింది.'

"ఇక్కడ సంతకం పెట్టు. రేపు టపాలో పడెయ్యాలి."

"ఇది పోతే ఆవిడ లైసెన్సు?"

"ఇది ఉంటే ఇవ్వరు. ఎట్లాగూ ఆవిడే వద్దంటోందిగా. మన చేతికి మట్టి అంటదు." గ్రాంట్ గొంతులో కక్ష లేదు. వ్యాపారం చూసుకునే మనిషి, అలసిపోయిన మనిషి. "నాకూ బాధే క్లైవ్. మా ఆవిడని పురుడికి రేవు దాకా తీసుకొచ్చింది ఆంటీయే. కానీ సీలు తెగింది. నువ్వే చెప్పావ్."

క్లైవ్ కలం అందుకున్నాడు. కాగితం ఇంజను మూత మీద పెట్టాడు. సీలు తెగి, అన్న మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. తెగని సీలు అతని బల్ల సొరుగులో డబ్బాలో ఉంది. బెరికేటప్పుడు దాని ఇనుప అంచు వంగింది గానీ పెదవి ఇంకా కొత్తదానిలా నిగనిగలాడుతోంది. పారెయ్యాల్సింది, ఎందుకో పారెయ్యలేదు.

"రేపు పొద్దున రా," అన్నాడు. "పడవ దగ్గరికి. ఆవిణ్ణి కూడా తీసుకురా."

"ఎందుకు?"

"ఒకసారి మళ్ళీ చూడాలి."

*

శుక్రవారం ఎనిమిదింటికి వాన తుంపర. పాక లోపలికి లాగిన కువాకా వెనక నలుగురే ఉన్నారు. గ్రాంట్ టోపీ తీసి దులుపుకున్నాడు. పిరిహిరా టికెట్ల గది స్వెటరులో ఉంది, దాని మీద కంపెనీ బొమ్మ. ఆవిడకి అది నప్పలేదు. సెమిసి బల్ల వెనక నుంచి బయటికి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు.

క్లైవ్ ముందు డబ్బాలోంచి సీలు తీసి గ్రాంట్ చేతిలో పెట్టాడు. "పెదవి వేలితో తడిమి చూడు. తెగిందా?"

గ్రాంట్ తడిమాడు. "లేదు. ఏ పడవది ఇది?"

"కువాకాదే."

తర్వాత మూడురోజుల కిందట తనే నింపిన కొత్త ఆయిలు బకెట్లోకి దింపేశాడు. గోడ దగ్గరికి వెళ్ళి తీగ వంపు విప్పి చివరి వాషరు తీశాడు. దాన్ని అడుగు గుంటలో పెట్టి, మంగళవారం వేసిన వాషరుతోనే మరని దాని మీద బిగించాడు. ఎంత బిగించాలో అంతా బిగించాడు, ఇక చాలన్నట్టు రెంచి పిడి టక్కుమనే దాకా. పై కన్నానికి గాలి గొట్టం పెట్టి పది పౌన్లు కొట్టాడు. బ్రష్షు ముంచి సబ్బునీళ్ళు పూశాడు.

ఆయిలు లేదు కాబట్టి ఈసారి బుడగలే వచ్చాయి. చిన్నచిన్నవి, ఒకదాని పక్కన ఒకటి, మర చుట్టూ పువ్వులా పేరుకున్నాయి.

"ఆరువారాల కిందట సర్వీసు చేసింది నేను," అన్నాడు క్లైవ్, ఆ బుడగలతోనే మాట్లాడుతున్నట్టు. "పాత వాషరు లోపలే వదిలేశా. మంగళవారం మధ్యాహ్నమే తెలిసింది నాకు. మీరెళ్ళిన రెండు గంటలకి. తాడు సీలు దాకా పోలేదు. నేను చెప్పలేదు. బుధవారం నువ్వొచ్చినప్పుడూ చెప్పలేదు, పిరీ."

గ్రాంట్ మొహం ఎర్రబడింది. అతను అనాల్సినవి అన్నాడు. నలభై ఏళ్ళ అనుభవం తగలెయ్యా అన్నాడు, వాల్టర్ కళ్ళకి ఎవరు జవాబు చెబుతారన్నాడు, ఇంకా అన్నాడు. అన్నీ నిజాలే. క్లైవ్ తల వంచుకుని అన్నీ విన్నాడు. వింటుంటే హాయిగా ఉందని చెప్పడానికి సిగ్గుపడాలి గానీ నిజంగానే హాయిగా ఉంది. గ్రాంట్ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, మెడలోంచి తాళంచెవి తీసి పిరిహిరాకి ఇచ్చాడు.

ఆవిడ తీసుకుంది. మెడలో వేసుకోలేదు.

"కొత్త కాగితం రాయించు," అంది. "వాషరు సంగతి రాయి. నేను తోటలోంచి మూడుసార్లు పోయిన సంగతీ రాయి."

"ఆంటీ, రెండోది ఎవరడిగారు? అది రాస్తే లైసెన్సుకి ఎసరొస్తుంది. వాళ్ళు పిలిచి కూచోబెట్టి అడుగుతారు."

"అడగనీ. వెళ్ళి చెబుతా. నిజం రాస్తే వచ్చే ఎసరు నేను పడతా. అబద్ధానికొచ్చింది నాలుగురోజులు పడ్డాగా, చాలు."

గ్రాంట్ ఆవిడ మొహం చూసి వాదించలేదు. ఫోను చేసుకుంటూ వానలోకి వెళ్ళిపోయాడు.

క్లైవ్ మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. ఆవిడ తిడుతుందని చూశాడు. తిట్టాక ఎప్పట్లా ఏదో ఎకసెక్కం ఆడుతుందని, కెటిల్ పెట్టమంటుందని లోలోపల ఆశ కూడా ఉంది. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది.

"రోజూ చూసుకుంటున్నా వీటిని," అంది మెల్లిగా. "పొద్దున కప్పు పట్టుకుంటే వణికినట్టుంటే, ఆఁ ఇదే అనుకున్నా. నా పని అయిపోయిందనుకున్నా. నువ్వు పక్కన కూచుని చూస్తూ ఊరుకున్నావ్, క్లైవ్. నా రొట్టె తింటూ."

"తప్పయింది."

"తెలుస్తోంది."

ఆవిడ మూల నుంచి ఖాళీ బకెట్టు లాక్కొచ్చి బోర్లించి, కాలు పక్కన, అతనికి మూరెడు దూరంలో కూచుంది. అరచెయ్యి చాపింది.

"విప్పు."

అతను గాలి వదిలాడు. అడుగు మర విప్పాడు. పై వాషరు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"ఒకటి," అంది.

సూదితో గుంటలోంచి అణిగినది ఊడదీశాడు.

"రెండు."

పై మర వాషరు పెట్టాడు. మూడు అంది. తర్వాత ఆవిడ అతన్ని పక్కకి జరగమని, చూపుడువేలు గుంటలోకి పోనిచ్చి, అంచంతా నిదానంగా ఓ చుట్టు తడిమింది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పడవ అక్కడికొస్తోంది. క్లైవ్ చేసిన పని మీద ఆవిడ వేలు పెట్టి చూడటం అదే మొదలు. నున్నగా ఉందని రూఢి చేసుకున్నాక వేలు స్వెటరుకి తుడుచుకుంది.

సెమిసి రెండు కొత్త వాషర్లు తెచ్చి ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ ఒక్కోటీ చూసి క్లైవ్‌కి అందించింది. అతను బిగించాడు, అడుగు నుంచి పైదాకా ఆయిలు పట్టించాడు, మూసేశాడు. సబ్బునీళ్ళ బ్రష్షు ఆవిడే అడిగి తీసుకుని రెండు మరలకీ పూసి, చాలాసేపు చూసింది. ఏమీ రాలేదు.

క్లైవ్ చేతులు తుడుచుకుని, పాత వాషర్ల కోసం చెయ్యి చాపాడు. అలవాటు కొద్దీ, తీగకి ఎక్కించడానికి.

పిరిహిరా ఇవ్వలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళి, కువాకా తీగని మేకు మీంచి తీసి, చేతిలోవి మూడూ దానికి ఎక్కించింది. వంపు గట్టిగా మూసింది. దాన్ని స్వెటరు జేబులో పెట్టుకుంది.

"ఇకమీదట ఇవి నా దగ్గరుంటాయి," అంది. "సర్వీసుకి వచ్చినప్పుడల్లా నేనే తెస్తా."

తాళంచెవి మెడలో వేసుకుని వానలోకి వెళ్ళింది. సెమిసి బల్ల దగ్గరికి పోయి కూచున్నాడు. క్లైవ్ గోడకేసి చూశాడు. వరసగా మేకులన్నిటికీ తీగలున్నాయి. ఒక మేకుకి చీటీ మాత్రమే ఉంది. అతను కాసేపు నిలబడి, తర్వాత మొదటి తీగ దించి, దాని మీదివి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.